ప్లేట్ల మీద నూలు

ఆ సాయంత్రం ఆరింటికి పది నిమిషాల ముందు, ఎమ్మిగనూరులో మామ ఇంటి ముందు గదిలో ఉన్నవాళ్లం నలుగురం: మా మేనమామ, అత్త, పక్కింటి ఆటో అన్న, నేను. ఉన్న వస్తువులు: ఒక గుంట మగ్గం, దాని మీద సగం నేసిన చీర, మగ్గం పక్కన మంచం, మంచం పక్కన, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్, ఆ మిషన్ నుంచి మామ ముక్కు దాకా ఇరవై అడుగుల సన్నటి గొట్టం, వేలికి తగిలించుకుని రక్తంలో ఆక్సిజన్ శాతం చూసుకునే చిన్న మీటరు, గోడకు ఇన్వర్టరు, దాని కింద లిథియం బ్యాటరీ, ఇన్వర్టరు పక్కన నేను రాసి అంటించిన తొమ్మిది జాగ్రత్తల కాగితం. లేనిది కరెంటు. మధ్యాహ్నం మూడు నలభైకి వచ్చిన గాలివానకు పోయింది. ఇన్వర్టరు తెర మీద బ్యాటరీ ఇరవై ఎనిమిది శాతం చూపిస్తోంది.

ఆ అంకె అక్కడ ఉండకూడదు. నా లెక్క ప్రకారం ఆ వేళకు అది ఎనభైకి పైన ఉండాలి.

మామ పన్నెండేళ్ల వయసు నుంచి ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని నేసినవాడు. నాన్న పోయాక నేను ఏడో తరగతి నుంచి ఆ ఇంట్లోనే పెరిగాను. మూడేళ్ల కిందట ఆయన ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఏడాదికి మిషన్ ఇంటికి వచ్చింది. స్నానానికీ దొడ్డికీ తప్ప ముక్కులోంచి గొట్టం తీయకూడదు. తీస్తే ఐదు నిమిషాల్లో వేలి మీటరు తొంభై కిందికి దిగుతుంది, పది నిమిషాల్లో పెదవులు నీలంగా మారతాయి. గొట్టం ఇరవై అడుగులు ఉండటానికి కారణం మగ్గమే. మామ ఆ గొట్టంతోనే గుంటలోకి దిగి రోజుకు ఒక గంట, ఒంట్లో బాగుంటే రెండు గంటలు నేసేవాడు.

మొదట్లో కరెంటు పోయినప్పుడు వాడటానికి ఆదోని నుంచి అద్దెకు తెచ్చిన సిలిండరు ఒకటి మూలన ఉండేది. కరెంటు పోగానే అత్త పానా తీసుకుని దాని మూత తిప్పేది. పానా జారి రెండుసార్లు ఆమె కాలి మీద పడింది. వేసవిలో వారానికి మూడు నాలుగుసార్లు ఇదే పని. ఆమె ఆ పానా పట్టుకోవడం చూశాకే నేను సోలార్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కరెంటు పనులు చూసుకుంటాను. మా మిల్లు సేటు పైకప్పు మీద సోలార్ ప్లేట్లు వేయించాడు, బ్యాటరీ లేకుండా. అలాంటి ప్లేట్లు లైనులో కరెంటు ఉంటేనే పనిచేస్తాయి; లైను పోతే అవీ ఆగిపోతాయి. అది లోపం కాదు. ఆగకపోతే ప్లేట్ల కరెంటు లైనులోకి పోయి, స్తంభం ఎక్కి రిపేరు చేసే మనిషికి తగులుతుంది. మొదటిసారి అలా ఆగినప్పుడు సేటు ఆవరణలో నిలబడి ఒకసారి సూర్యుడి వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"ఇంత ఎండ నెత్తిన పెట్టుకుని మిషన్లు నిలబెట్టుకోవాల్నా? నిన్ను సదివిచ్చిన అయ్యవార్లను ఒక్కతూరి ఈడికి పిలుసప్పా, సూస్తాను."

అందువల్ల మామ ఇంటికి బ్యాటరీ తప్పనిసరి అనుకున్నాను. మూడు ఆదివారాలు మిద్దె మీద సుద్దముక్కతో కూర్చుని గంటగంటకూ నీడల అంచులు గీశాను. నీడ వేసేవాటి జాబితా రాశాను: పక్కింటి నీళ్ల ట్యాంకు, టీవీ గొడుగు, పడమటి పిట్టగోడ, సందు అవతలి మునగచెట్టు. దక్షిణం వైపు పద్నాలుగు అడుగుల చోటు మిగిలింది, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఏ నీడా పడనిది. అక్కడ అడ్డంగా ఉన్నవాటికి ఇంకో జాబితా. అందులో నాలుగో అంశం: "వెదురు గడలు రెండు, తీసేయాలి."

ఆ గడలు ఎందుకున్నాయో నాకు తెలియనిది కాదు. షావుకారు ఇచ్చే నూలుకు అత్త కూలికి గంజి పెట్టేది; ఆ చిలపలు, అంటే నూలు కట్టలు, వాటి మీదే ఆరేవి. బడికి పోయే ముందు నేను ఎన్నిసార్లు అక్కడ చిలపలు తిప్పి వేశానో లెక్కలేదు. అయినా ఆ ఆదివారం నాకు అవి రెండు వెదురు గడలు, పద్నాలుగు అడుగుల పొడుగు, నీడ వెడల్పు మూడంగుళాలు.

అత్తను పైకి పిలిచి చూపించాను. "అత్తా, మిద్దె మొత్తంలో ఎండ బాగా తగిలేది ఈడనే" అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని చుట్టూ చూసి, "అది తెలుసుకునేదానికి మూడు వారాలు పట్టెనా నీకు?" అంది.

ఆరు ప్లేట్లు, ఇన్వర్టరు, ఐదు యూనిట్లు పట్టే బ్యాటరీ. రెండు రోజుల్లో బిగించడం అయిపోయింది. ఇన్వర్టరులో నేను పెట్టిన క్రమం ఇది: మిషన్ ముందు ఎండ కరెంటు వాడుకోవాలి, అది చాలకపోతే బ్యాటరీ, బ్యాటరీ ఇరవై శాతానికి దిగితే లైను కరెంటు. దానితోపాటు, జాగ్రత్త కోసం, అర్ధరాత్రి నుంచి తెల్లవారి ఐదు దాకా లైను కరెంటుతో బ్యాటరీని పూర్తిగా నింపుకోవచ్చని కూడా పెట్టాను. మబ్బు పట్టిన రోజుల కోసం అనుకున్నాను.

తర్వాత తొమ్మిది జాగ్రత్తలు రాసి గోడకు అంటించాను. మధ్యాహ్నం ఎండలో ప్లేట్ల మీద చల్లనీళ్లు పోయకూడదు. పిల్లలను పైన బంతి ఆడనివ్వకూడదు. ఇన్వర్టరు మీద గుడ్డ కప్పకూడదు. అలా తొమ్మిది. రోజూ పొద్దున ఐదున్నరకు బ్యాటరీ ఎంత ఉందో చూసి ఫోన్ చేయమని అత్తకు చెప్పాను. ఆమె ఒక్క రోజు కూడా మరవలేదు.

"నూరప్పా" అనేది. నేను ఆదోని గదిలో నోటు పుస్తకంలో రాసుకునేవాడిని. అరవై మూడు రోజులు, అరవై మూడు నూర్లు. నలభయ్యో రోజున ఆ సిలిండరు ఇంక అక్కర్లేదని చెప్పి, నేనే ఆటోలోకి ఎత్తించి తిప్పి పంపేశాను. అత్త అడ్డు చెప్పలేదు. మామ మాత్రం, "ఉండనీరా అల్లుడా, మూలన ఒక బసవన్న మాదిరి ఉండాది పాపం" అన్నాడు. నవ్వేసి పంపించాను.

గాలివాన వచ్చిన రోజు నేను మిల్లులో ఉన్నాను. నాలుగింటికి అత్త ఫోన్ చేసి, "కరెంటు పాయ. మిషన్ నడుస్తాండాదిలే, బెదురుకోవద్దు" అని నాకే ధైర్యం చెప్పింది. నాలుగున్నరకు మళ్లీ చేసింది. తెర మీద అంకె ముప్పై ఎనిమిది అంది. సరిగా చూడమన్నాను. "మూడు, ఎనిమిది. నాకు అంకెలు రావనుకుంటివా?" అంది. నేను మిల్లులోంచి బస్టాండుకు పరుగెత్తాను. ముప్పై కిలోమీటర్ల దారి. రెండు చోట్ల కొమ్మలు పడి ఉంటే బస్సులోని మగవాళ్లందరం దిగి లాగాం. మా వెనక ఒక పెద్ద వేపచెట్టు రోడ్డుకు అడ్డంగా కూలిందని తర్వాత తెలిసింది. నేను గుమ్మం ఎక్కేసరికి ఇరవై ఎనిమిది.

తెర చూడగానే మిద్దె ఎక్కాను. సన్నగా తుంపర పడుతోంది. ఆకాశం మొత్తం బూడిదరంగు. ప్లేట్లలో పగులు లేదు, వైర్లు ఊడలేదు. కానీ గాజు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి చారలు, ఒకదాని పక్కన ఒకటి, వేలి మందాన. ముట్టుకుంటే జిగటగా ఉంది. కొన్ని చారలు ఎండి పెంకు కట్టాయి, వాటి మీద దుమ్ము అతుక్కుని ఉంది. నాలుగో ప్లేటు అంచున క్లిప్పులో ఒక నూలుపోగు ఇరుక్కుని వేలాడుతోంది.

అత్త నా వెనకే మెట్లెక్కి వచ్చింది.

"అత్తా, ఏంది ఇది?"

"గంజి కదప్పా. నూలు ఆరేసినా. గాలి లేసేతలికి గబగబా తీసుకుంటి. అయినా రెండు చిలపలు సందులో పడె."

"ప్లేట్ల మీద ఆరేసినావా? ఈపొద్దేనా?"

"ఈపొద్దేంది, దినామూ. సోమారం నూలు ఇస్తారు, శనారం దాకా ఇదే పని గదా."

"ఎప్పటి నుంచి?"

"అవి పెట్టినప్పటి నుంచి. గడలు తీసేస్తివి. ఎండ బాగా తగిలేది ఈడనే అని నువ్వే సెప్తివి. గాజు కూడా సుర్రుమంటాంటాది. అరపూటకే ఆరిపోతాదప్పా, ముందు దినమంతా పట్టేది."

నేను వచ్చేది ఆదివారాలు. ఆదివారం ఆరేయడానికి నూలు ఉండదు. నేను కింద నుంచే తెర చూసి, మెట్ల మీద నుంచి ఒకసారి తొంగి చూసి, ఆరు ప్లేట్లూ ఎండలో ఉన్నాయని రాసుకుని వెళ్లిపోయేవాడిని. మిగతా ఆరు రోజులు అవి నూలు కింద ఉన్నాయి. పగలంతా మిషన్ బ్యాటరీని తినేది. రాత్రి లైను కరెంటు దాన్ని నింపేది. పొద్దున ఐదున్నరకు అత్త నూరు అని చెప్పేది. నేను రాసుకున్న అరవై మూడు నూర్లలో సూర్యుడి వాటా చాలా కొద్ది. నేను ఒక్కసారైనా సాయంత్రం అంకె అడిగి ఉంటే రెండో రోజే తెలిసేది.

"ఒక్క మాట నన్ను అడగాల్సింది అత్తా" అన్నాను. గొంతు పెరిగిందని నాకు తెలుస్తూనే ఉంది.

ఆమె ముఖం ఎర్రబడింది. "తొమ్మిది రాస్తివి. తొమ్మిదీ పాటిస్తాండా. పదోది రాసింటే అదీ పాటిస్తాంటి. నూలు ఆరేయద్దని యాడ రాసినావో సూపీ."

ఎక్కడా రాయలేదు. ఆమె కిందికి వెళ్లి తడిగుడ్డ తెచ్చింది. ఇద్దరం ప్లేట్లు తుడవడం మొదలుపెట్టాం. ఎండిన గంజి తడి తగిలేసరికి మళ్లీ జిగురై గాజంతా పరుచుకుంది. ఇంకో బకెట్టు పోశాం. మళ్లీ తుడిచాం. నాలుగు ప్లేట్లు శుభ్రమయ్యేసరికి ఆరున్నర దాటింది. కిందికి వచ్చి తెర చూశాను. ఎండ నుంచి వస్తున్న కరెంటు: సున్నా వాట్లు. రాదని తుడిచేటప్పుడే తెలుసు. పొద్దు గుంకాక ప్లేటు శుభ్రంగా ఉన్నా మురికిగా ఉన్నా ఒకటే. అయినా తుడిచాను. ఆ వేళ నా చేతులతో చేయగలిగింది అదొక్కటే.

బ్యాటరీ ఇరవై మూడు.

నూలు కట్టల కాగితం వెనక దారులన్నీ రాశాను. కరెంటు వాళ్లకు ఫోన్: లైనుమన్ ఎత్తాడు. "నాలుగు స్తంభాలు వొరిగినాయన్నా. ఎనిమిది లోపల ఒక పక్క ఇస్తామంటాండారు. ఆ పక్క మీదో కాదో నేను సెప్పలేను. మేమేమన్నా దేవుళ్లమా?" సిలిండరు: ఆదోని అంగడివాడి దగ్గర ఉంది, నేను తిప్పి పంపినదే కావచ్చు, వేపచెట్టు తీసేదాకా బండి రాదు. జనరేటరు: టెంట్‌హౌసు వాళ్లది నందవరంలో పెళ్లికి పోయింది. అంబులెన్సు: మాధవరం వైపు ఉంది, గంటన్నర అన్నారు. అయిదోది ఆసుపత్రి. ఊళ్లోనే ఉంది, జనరేటరూ ఉంది. ఆటో అన్న అప్పటికే బండి గుమ్మం ముందు తిప్పి పెట్టాడు.

మామ రానన్నాడు.

"ఎనిమిదికి ఇస్తామన్నారు గదా. ఒక గంట. దానికి నన్ను మోసుకుపోతారా? పోయినతూరి పోతే తొమ్మిది దినాలు పెట్టుకున్నారు. పడుగంతా వదులైపోయె."

"పడుగు నేను సూసుకుంటాలే" అంది అత్త.

"నువ్వు సూసుకునేది తెలుసులే. ప్లేట్లను సూసుకుంటివి గదా."

మామ దగ్గి, నవ్వి, నా వైపు తిరిగాడు. "ఏమప్పా అల్లుడా, నీ బ్యాటరీకీ నాకూ ఒకటే రోగం ఉన్నెట్లుండాదే. సూసేదానికి నిండుగా ఉంటాము, లోపల ఏమీ లేదు."

ఆటో అన్న గుమ్మం దగ్గర నుంచి, "మామా, నా ఆటో బ్యాటరీ పీకి పెట్దామా? పొద్దున్నే కొత్తది ఏయించినా" అన్నాడు. అది పన్నెండు వోల్టులది, ఇది నలభై ఎనిమిది, పనికిరాదని చెప్పాను. అతను సెల్‌ఫోన్ తీసి, "అట్లయితే నాలుగు ఆటోలు పిలుస్తా" అన్నాడు. అందరం నవ్వాం. లెక్క ప్రకారం అతని మాట తప్పేమీ కాదు. నాలుగు బ్యాటరీలు వరుసగా కలిపితే నలభై ఎనిమిదే. కానీ వాటిని ఆ ఇన్వర్టరుకు తగిలించడానికి కావలసిన తీగ గానీ, ఆ చీకట్లో తగిలించే ధైర్యం గానీ నా దగ్గర లేవు.

ఫ్యాను ఆపాను, లైటు ఆపాను. సెల్‌ఫోన్ వెలుతురులో ఇన్వర్టరు అమరికల్లోకి వెళ్లి, ఇరవై దగ్గర ఆగాల్సిన బ్యాటరీని పది దాకా దిగనిచ్చాను. అంతకంటే కిందికి దింపితే బ్యాటరీయే తనంతట తాను మూసుకుంటుంది. నేను సంపాదించింది గంటా ఇరవై నిమిషాలు. ఎనిమిదీ పది అవుతుంది. లైనుమన్ చెప్పింది ఎనిమిది. మధ్యలో పది నిమిషాలు మిగులుతాయని మామ మాటకు తల ఊపాను. అప్పుడే ఆయన్ని లేపి ఉంటే దారిలో ఎలాగూ ఆక్సిజన్ లేదు, కాబట్టి తేడా ఉండేది కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ తేడా ఉండేది. వాన అప్పటికి తెరిపిచ్చింది. మళ్లీ ఏడున్నరకు పట్టుకుంది.

పదహారు, పదిహేను, పద్నాలుగు. అత్త మామ కాళ్ల దగ్గర కూర్చుని నిర్ణయం ఎవరిదో తెలియనట్టు నా ముఖం, తెర మార్చి మార్చి చూసింది. ఎనిమిదికి దూరంగా రెండు వీధుల అవతల దీపాలు వెలిగాయి. ఎవరో పిల్లలు కేక వేశారు. ఆ పక్క మాది కాదు. నేను లైనుమన్‌కు మళ్లీ ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు.

ఎనిమిదీ ఎనిమిదికి ఇన్వర్టరు పొడుగ్గా కూసి ఆగింది. మిషన్ కూడా మూడుసార్లు కూసి ఆగింది. రెండేళ్లుగా ఆ గదిలో ఎడతెగకుండా ఉన్న చప్పుడు పోయేసరికి మామ పీల్చే గాలి శబ్దం వినిపించింది. ఆయన ఇంక వాదించలేదు. "సరే పదండప్పా" అన్నాడు.

ఆటో అన్న ఒకవైపు, నేను ఒకవైపు. ఆటో దాకా పన్నెండు అడుగులు. వెనక సీట్లో మామ మధ్యలో, అటు అత్త, ఇటు నేను. వేలి మీటరు ఆయన చూపుడు వేలికి పెట్టి ఆ చేతిని నా రెండు చేతుల్లో పట్టుకున్నాను. ఎనభై ఎనిమిది. సంతవీధి మలుపు దగ్గర మోకాలిలోతు నీళ్లు. ఆటో అన్న ఇంజను ఆగిపోకుండా పళ్లు బిగించి నడిపాడు. ఎనభై మూడు. ఒక లారీ ఎదురుగా ఆగి ఉంది. "తీయరా నీ యబ్బా, మనిషి పోతాండాడు!" అని అతను అరిచాడు. డెబ్బై తొమ్మిది. మామ కళ్లు తెరిచే ఉన్నాడు. అత్త కొంగుతో విసురుతోంది, ఆ గాలి ఆయనకు చాలదని తెలిసీ విసురుతోంది. డెబ్బై ఆరు. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లలో ఒక అంకె దిగుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప చేసేది లేని పరిస్థితి ఏ పాఠంలోనూ రాలేదు. ఆసుపత్రి గేటు దగ్గర డెబ్బై ఒకటి. లోపల సిలిండరు పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం బట్టల కోసం ఇంటికి వచ్చాను. ఆ పొద్దున పదకొండింటికి కరెంటు వచ్చిందని పక్కింట్లో చెప్పారు. రాత్రంతా కురిసిన వాన, మేము వదిలేసిన రెండు ప్లేట్లతో సహా, గంజి అంతా కడిగేసింది. ఆకాశం నీలంగా ఉంది. తెర మీద ఎండ నుంచి రెండు వేల నాలుగు వందల వాట్లు వచ్చి పడుతున్నాయి. బ్యాటరీ నిండుతోంది. మిషన్ ఆగి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. బట్టలు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాను.

ఆసుపత్రి వరండాలో అత్త నన్ను ఒక్కటే అడిగింది: "ఇంక నూలు యాడ ఆరేయల్లప్పా?" మిద్దె మీద నీడ పడని ఇంకో చోటు లేదని ఆ మిద్దెను గంటగంటకూ గీసిన నాకు తెలుసు. ఇప్పుడు ఆమె పక్కింటి మిద్దె మీద సగం నీడలో ఆరేస్తుంది. రెండు రోజులు పడుతుంది. తెచ్చుకునే నూలు సగానికి తగ్గింది.

మామను పదకొండు రోజుల తర్వాత ఇంటికి తెచ్చాం. ఊపిరితిత్తుల్లో ఆ రాత్రి పోయింది ఎంత, ముందే పోయింది ఎంత అని డాక్టరును అడిగాను. అట్లా విడదీసి చెప్పలేమన్నాడు. పాత మిషన్ ఇచ్చే గాలి ఇప్పుడు ఆయనకు చాలదు. రెట్టింపు ఇచ్చే పెద్ద మిషన్ రాశాడు. అది ఆరు వందల వాట్లు లాగుతుంది. మామ గుంటలోకి దిగడం మానేశాడు. మంచం మీద నుంచే మగ్గం వైపు చూస్తూ అత్తకు పోగు తప్పిన చోటు చెబుతుంటాడు.

కొత్త మిషన్ పెట్టిన రోజు మామ నన్ను దగ్గరికి పిలిచాడు. "నిజం సెప్పప్పా. ప్లేట్లు బాగుండి, బ్యాటరీ నిండుగా ఉండి, పొద్దు గుంకినాక కరెంటు పోతే ఇది ఎంతసేపు నడుస్తాది?"

పొద్దు గుంకిన దగ్గర నుంచి ప్లేట్ల మీద ఎండ పడేదాకా పదమూడు గంటలు. ఫ్యాను, లైటు తీసేసి లెక్క వేశాను. రెండోసారి వేశాను. అదే వచ్చింది.

ఆరు గంటల నలభై నిమిషాలు.